బండ ఎటు జారిందని అడిగితే

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చేవారు నన్ను కలిసినప్పుడు సాధారణంగా సాఫ్ట్‌వేర్ గురించి అడుగుతారు. ఏ ప్రోగ్రాం మంచిది, ఎన్ని కొలతలుంటే ఫలితం నిలుస్తుంది, ఏ పద్ధతిని విదేశీ పత్రికలు ఒప్పుకుంటాయి అని. నాకు తెలిసినంత చెబుతాను. వాళ్ళు మెట్లు దిగి వెళ్ళిపోయాక, చెప్పవలసినది చెప్పలేదేమో అనిపిస్తుంది. అలా మిగిలిపోయిన భాగమే ఇది. పదోన్నతులు, బదిలీలు, ఫైళ్ళు ఇందులో లేవు. అవి ఏ ఉద్యోగంలోనైనా ఒకటే.

మా పని ఇది. భూమి పైపొరలోని శిల ఎప్పుడూ ఒత్తిడిలో ఉంటుంది. ఆ ఒత్తిడి కంటికి కనిపించదు. కనిపించేది దాని ఫలితం మాత్రమే: శిలలో ఒక పగులు, ఆ పగులు వెంట ఒక పక్క మరో పక్క మీద జారిన గుర్తు. అటువంటి పగులును భ్రంశం అంటాం. అనేక భ్రంశాలు ఎటెటు జారాయో కొలిచి, వాటన్నింటినీ అలా జరపగల ఒత్తిడి ఏ దిశలో ఉండాలో వెనక్కి లెక్క కడతాం.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి కోఠీ వెళ్ళే కిక్కిరిసిన బస్సును ఊహించండి. డ్రైవరు బ్రేకు వేస్తే కడ్డీ పట్టుకున్నవాడు ఒకలా తూలుతాడు, తలుపు దగ్గరివాడు మరోలా తూలుతాడు, నలుగురి మధ్య ఇరుక్కున్నవాడు అసలు కదలడు. డ్రైవరు మనకు కనిపించకపోయినా, ఇందరి తూలుడును కలిపి చూస్తే బస్సు ఎటు విసిరిందో చెప్పవచ్చు. ఎంత గట్టిగా విసిరిందో మాత్రం చెప్పలేం. ఈ రెండో మాట చెప్పినందుకే నేను సర్వీసంతా మాటలు పడ్డాను.

గీత వయసు

నాకు పని నేర్పినవారు శేషగిరి గారు. నేను ఒంగోలు నుంచి వచ్చి హైదరాబాదులోని మా పరిశోధన సంస్థలో చేరేనాటికి ఆయన సీనియర్ శాస్త్రవేత్త, నేను రిటైరయ్యేనాటికి పదవీకాలం పొడిగింపు మీద డైరెక్టరు. తెనాలి మనిషి. ఎండలో తిరిగి తిరిగి మెడ వెనుక చర్మం ముదిరిపోయి ఉండేది.

తుర్కయంజాల్ దాటాక సాగర్ రోడ్డుకు అటూ ఇటూ అప్పట్లో గ్రానైటు బండలు ఖాళీగా ఉండేవి. ఇప్పుడు వాటి మీద అపార్టుమెంట్లున్నాయి. శిల జారిన తలం చాలాచోట్ల గాజులా నునుపుగా ఉంటుంది. దాని మీద ఒకే వైపుకు సాగిన సన్నని గీతలుంటాయి. తలం ఎటు వాలింది, గీత ఎటు సాగింది, పై బండ ఎటు జారింది అన్న మూడూ దిక్సూచితో, కంటితో తేల్చాలి. ఒకరు చదివిన అంకెను రెండోవారు బిగ్గరగా తిరిగి చెప్పాలి. తిరిగి చెప్పని కొలతను శేషగిరి గారు నిర్దాక్షిణ్యంగా కొట్టేసేవారు.

"గీత ఎటో చెబుతుందమ్మా, ఎప్పుడో చెప్పదు," అనేవారు ఆయన. "ఇది పడేనాటికి హైదరాబాదు లేదు. సముద్రాలు కూడా ఇప్పుడున్న చోట లేవు. ఇవాళ్టి ఒత్తిడి కావాలంటే ఇవాళ జారినదాన్నే అడగాలి."

ఇవాళ జారేవి చిన్న చిన్న ప్రకంపనలు. వాటిని పరికరాలతో పట్టుకోవాలి. పాత గీతలు అనేకం దొరుకుతాయి, కొత్త ప్రకంపనలు కొద్దిగానే దొరుకుతాయి. రెండింటినీ ఒకే సంచిలో వేసి లెక్క చేస్తే పాతవి కొత్తవాటి నోరు నొక్కేస్తాయి. ఇంకో ప్రమాదం కూడా ఉంది. లెక్కకు లొంగని కొలతలను ఒక్కొక్కటిగా తీసేస్తూ పోతే, ఎంత పనికిరాని సమాచారమైనా చివరికి అందమైన జవాబు ఇస్తుంది. అటువంటి అందమైన జవాబులతో పేరు తెచ్చుకున్నవారిని నేను ఎరుగుదును. వాళ్ళు అబద్ధాలాడేవారని అనను. త్వరగా తృప్తిపడేవారు, అంతే.

ఒక్క నంబరు

ఇంజనీర్లతో సమావేశమంటే నాకు చివరిదాకా నీరసంగానే ఉండేది. సొరంగం తవ్వేవారికైనా, ఆనకట్ట కట్టేవారికైనా కావలసింది ఒక అంకె. నేను దిశలు చెప్పి, మూడు దిశల్లోని ఒత్తిళ్ళ మధ్య నిష్పత్తి చెప్పి, పరిమాణం కావాలంటే బోరు వేసి నేరుగా పరీక్ష చేయించండి అనేదాన్ని.

"మేడం, ఇంత చదువుకున్నారు, ఒక్క నంబరు చెప్పలేరా?" అన్నాడు ఒక చీఫ్ ఇంజనీరు.

"చెప్పగలనండీ. అది నా నంబరవుతుంది, బండది కాదు."

అందరూ నవ్వారు. మరుసటి నెల ఒక కన్సల్టెంటు దశాంశ బిందువుతో సహా అంకె ఇచ్చాడని, దాన్నే తీసుకున్నారని తెలిసింది. నేను ఆశ్చర్యపోలేదు. ఈ పనిలోకి వచ్చేవారు ముందే తెలుసుకోవలసినది ఇదే: మీ పద్ధతి ఏమి చెప్పలేదో మీకు తెలిసి ఉండటాన్ని ఎదుటివారు మీ చేతకానితనంగానే లెక్కవేస్తారు.

లచ్చమ్మ ఇల్లు

ఇక ఇది రాయడానికి అసలు కారణమైన సంగతి. నేను రిటైరవడానికి కొంతకాలం ముందు జరిగింది.

ఎల్బీ నగర్ చౌరస్తాకు లోపలి వైపున్న ఒక కాలనీలో, వానలు మొదలయ్యాక, పట్టపగలు భూమి లోపలి నుంచి చప్పుళ్ళు రాసాగాయి. ముందు బాంబు పేలినట్టు చప్పుడు, వెంటనే అల్మారాలో గిన్నెలు కదలడం. కొన్ని ఇళ్ళ గోడలకు పగుళ్ళు పడ్డాయి. ఆ కాలనీకి కొద్ది దూరంలో ఒక కంపెనీ నీటి సొరంగం కోసం లోతైన బావి తవ్వుతోంది. తప్పు బావిదేనన్నారు కాలనీవాసులు. ఇది ప్రకృతి అన్నది కంపెనీ. పురపాలక అధికారులు ఒక కమిటీ వేసి, చప్పుళ్ళ మూలం తేల్చమని మా సంస్థను అడిగారు.

కాలనీలోనూ చుట్టుపక్కలా చిన్న పరికరాలు పెట్టాం. నేల పైకి కదిలిందా, కిందికి కదిలిందా అన్నది మాత్రమే నమోదు చేసే సాదా రకం అవి. చప్పుళ్ళు వస్తున్న చోటికి సరిగ్గా పైన, గట్టి బండ మీద కట్టిన ఇల్లు లచ్చమ్మది. ఆమె చాలా ఏళ్ళ కిందట నల్గొండ జిల్లా నుంచి భర్తతో కూలిపనికి వచ్చింది. ఇతరుల ఇళ్ళకు ఇటుకలు మోస్తూ, తన ఇంటిని గది తరువాత గది కట్టుకున్నది. భర్త లేడు. కొడుకు నరసింహ ఎలక్ట్రీషియన్, ఆ వీధిలో సగం ఇళ్ళకు వైరింగ్ చేసినవాడు.

మెట్ల కింద జాగా అడిగితే నరసింహ పరికరాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గీ డబ్బా పెడితె కరెంటు బిల్లు ఎవరు కడ్తరు మేడం?"

"బ్యాటరీ మీద నడుస్తుంది. సోలార్ పలక మీ డాబా మీద పెడతాం."

"చప్పుడు జేస్తదా బిడ్డా?" అని అడిగింది లచ్చమ్మ.

"చెయ్యదమ్మా. వింటుంది."

"విననీ. మా ఇంట్ల దాచిపెట్టే ముచ్చట్లు ఏమున్నయ్?"

"నువ్వు కోడలిని తిట్టేటియి గూడ హైదరాబాద్ మొత్తం ఇనిపిస్తయంట," అన్నాడు నరసింహ.

"ఇనిపించనీ. అట్లనన్న సుదరాయిస్తది," అన్నది ఆమె, వంటింట్లోని కోడలికి వినబడేలాగే.

తరువాత వచ్చిన ఒక చప్పుడుకు ఆమె గది గోడ పైనుంచి కిందికి వాలుగా పగిలింది. లచ్చమ్మ ఆ రోజే చీరల మూట కట్టుకుని సైదాబాద్‌లోని కూతురి ఇంటికి వెళ్ళిపోయింది. ఆ చప్పుడు మళ్ళీ రాదని ఎవరైనా చెబితేనే ఇంట్లో అడుగు పెడతానన్నది. కూతురి ఇల్లు కిరాయి ఇల్లు, ఒకే గది. ఆమెకు అక్కడ పడేది కాదు, కానీ రాలేదు. అప్పటి నుంచి నేను కాలనీకి ఎప్పుడు వెళ్ళినా నరసింహ ప్రశ్న ఒక్కటే: "మా అమ్మకు ఏం చెప్పమంటరు మేడం?"

కిందికి

ఇక్కడ కొంచెం వివరం అవసరం. కింద బండ జారిన వెంటనే, సరిగ్గా పైనున్న నేల మొట్టమొదట ఎటు కదిలిందన్నది కీలకం. అది పైకి కదిలితే, బండ రెండు వైపుల నుంచి నొక్కబడి ఒక దిమ్మ రెండోదాని మీదికి ఎక్కినట్టు. మన ద్వీపకల్పాన్ని నిత్యం నొక్కుతున్న ఒత్తిడి చేసే పని అటువంటిదే. మొదట కిందికి కదిలితే, ఆధారం తగ్గి దిమ్మ దిగజారినట్టు. అలాంటప్పుడు పక్కన ఏమి తవ్వారు, ఏమి తోడారు అని చూడవలసి వస్తుంది.

పెట్టిన పరికరాలలో ఎక్కువవాటికి బస్సుల చప్పుడు తగిలి మొదటి కదలిక చదవడానికి వీల్లేకపోయింది. స్పష్టంగా పలికింది లచ్చమ్మ ఇంటిది. ప్రతి ప్రకంపనకూ అది కిందికే చూపింది. చదవగలిగిన మిగతా కొన్నింటితో కలిపి లెక్క కడితే, జారిన తలం నిటారుగా, బావి వైపు సాగుతోంది.

దూరపు పెద్ద భూకంపం ఒకటి నమోదయ్యేదాకా ఆగి పరికరాలను సరిచూసుకోవాలని నేనన్నాను. శేషగిరి గారు ఆ రోజుల్లో పై నుంచి వచ్చే ఫోన్లతో సతమతమవుతున్నారు. కమిటీవారికి నోటిమాటగా, కిందికి జారినట్టుంది, బావి మీదే అనుమానం అని చెప్పేశారు. సాయంత్రానికి ఆ మాట కాలనీకి చేరింది. వీధిలో మిఠాయిలు పంచారు. నాకూ ఒక పొట్లం పంపారు. ఇళ్ళు కంపెనీయే బాగుచేసి ఇస్తుందని, తల్లిని తీసుకొస్తానని నరసింహ సంబరంగా ఫోన్ చేశాడు. తుది నివేదిక రానివ్వమన్నాను. అతను వినిపించుకునే స్థితిలో లేడు.

తీగ

పది రోజులైనా గడవకముందే సముద్రం అవతల ఎక్కడో పెద్ద భూకంపం వచ్చింది. అంత దూరం నుంచి వచ్చే తరంగం భూగర్భం గుండా ప్రయాణించి, దాదాపు నిట్టనిలువుగా పైకి వస్తుంది. నగరమంతటినీ ఒక్కసారిగా ఒకే వైపుకు కదుపుతుంది. ఒక పరికరం పైకి అంటే అన్నీ పైకి అనాలి. ఆ రికార్డులు వరసగా తెర మీద పెట్టుకుని చూశాను. అన్నీ పైకి అన్నాయి. లచ్చమ్మ ఇంటిది కిందికి అన్నది.

ఆ గంటలోనే ఎల్బీ నగర్ వెళ్ళాను. మెట్ల కింద కూర్చుని, వెంట తెచ్చిన ల్యాప్‌టాప్‌లో నమోదును చూసుకుంటూ పరికరాన్ని చేత్తో మెల్లగా పైకెత్తాను. తెర మీద గీత కిందికి దిగింది. తీగను వేళ్ళతో తడుముతూ పోతే, మధ్యలో నల్ల టేపు చుట్టిన అతుకు తగిలింది. ఎంతో శుభ్రంగా చేసిన అతుకు. అంత చక్కని పని మా టెక్నీషియన్లు చేయరు.

నరసింహ పక్కనే నిలబడి ఉన్నాడు. అతని ముఖంలో గర్వం కూడా ఉంది.

"పందికొక్కు కొరికింది మేడం. మీరొచ్చేదాక బందయితదని నేనే జోడించిన. నా దగ్గర ఫ్యాన్ వైరు ముక్క ఉండె."

"ఏ తీగను దేనికి కలిపావు?"

"రెండూ ఒక్క రంగే కదా. ఎట్ల కలిపినా ఒకటే. లైటుకు ఎటు పెట్టినా ఎలుగుతది."

ఇళ్ళల్లో పారే కరెంటుకు అతను చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. అతని వృత్తిలో అది తప్పు కాదు. మా పరికరానికి మాత్రం రెండు తీగలు మారితే పైకి అన్నది కిందికి అవుతుంది. ఒకనాటి మధ్యాహ్నం రికార్డులో కొద్దిసేపు ఖాళీ ఉండటం మేమూ చూశాం, బ్యాటరీ సమస్య అనుకున్నాం. మేము లెక్కలోకి తీసుకున్న ప్రకంపనలన్నీ ఆ ఖాళీ తరువాత వచ్చినవే.

విషయం చెప్పాను. అతను మెట్టు మీద కూర్చున్నాడు. తలెత్తి, "గిప్పుడు మార్చకుండ్రి మేడం," అన్నాడు. "మీటింగు అయినంక మార్చుండ్రి. ఎవరికి తెలుస్తది?"

"నాకు తెలిసింది కదా నరసింహా. తీగ ఎలా ఉన్నా బండ పైకే ఎక్కింది."

"బండ పైకి పోయినా కిందికి పోయినా మా గోడ పగిలింది కదా! గోడకు గీ లెక్కలు తెలుసా?"

 తీగలు విప్పి, సరిగా కలిపి, అతని చేతికే టేపు ఇచ్చాను. చుట్టాడు.

రెండో వాక్యం

దిశ సరిచేసి లెక్క మళ్ళీ చేశాం. ఈసారి తేలిన తలం నిటారుగా లేదు, ఏటవాలుగా ఉంది. బావి వైపు కాకుండా కాలనీ వెనుక వైపు పైకి వస్తోంది. దాన్ని నేల దాకా పొడిగిస్తే, ఎప్పుడో వదిలేసిన పాత క్వారీ గుంతలో బయటపడాలి. వెళ్ళి చూశాను. క్వారీ గోడలో అదే వాలుతో బంకమట్టి నిండిన పగులు కనిపించింది. గుంత నిండా నీళ్ళు. వాననీరు కొంత, మిగతాది బావి నుంచి కంపెనీ తోడి, గొట్టంతో అక్కడికి వదులుతున్న నీరు. గొట్టం మూతి నీళ్ళలో మునిగి ఉంది.

జారుడు ఈ ప్రాంతపు సహజమైన ఒత్తిడి దిశలోనే జరిగింది. అంతమాత్రాన మనిషి ప్రమేయం లేదని చెప్పలేం. శతాబ్దాలుగా బిగబట్టి ఉన్న పగులులోకి నీరు ఎక్కితే పట్టు సడలి, ఆ సహజ దిశలోనే జారుతుంది. నొక్కేది ప్రకృతి. పట్టు విడిపించినది ఏదో ఆ గీతలు చెప్పవు.

నివేదికలో రెండు వాక్యాలు రాశాను. సహజ ఒత్తిడి దిశలో జారిందన్నది ఒకటి. ఆ తలం క్వారీ గుంతలో బయటపడుతోంది, అక్కడ నిల్వ ఉన్న నీటి ప్రమేయాన్ని ఈ సమాచారంతో తోసిపుచ్చలేం, నీరు వదలడం ఆపాలి అన్నది రెండోది.

శేషగిరి గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఎందుకమ్మా ఈ గొడవ? ఒకసారి కిందికి అన్నాం, ఇప్పుడు పైకి అంటే మన పరువేం కాను? ఆ స్టేషన్ని మొత్తం తీసేద్దాం. ఉన్న సమాచారం చాలదని రాసేద్దాం. ఎవరికీ నష్టం లేదు."

"తీసేస్తే క్వారీ మాట రాయడానికి ఆధారం ఉండదండీ. గొట్టం అలాగే ఉంటుంది."

"నీళ్ళ వల్లేనని రుజువుందా?"

"లేదండీ. కాదనడానికీ లేదు."

ఆయన నివేదికను తన ముందుకు లాక్కున్నారు. "నువ్వింకా అలాగే ఉన్నావు," అన్నారు. అది మెప్పు కాదు. సంతకం మాత్రం పెట్టారు. ఆయనకూ నాలాగే అలసట ఉండేదని, నాకంటే ఎక్కువమందికి ఆయన జవాబు చెప్పుకోవలసి వచ్చేదని ఇప్పుడు అర్థమవుతోంది. పై అధికారిని తప్పుపట్టేముందు ఆయన ఫోను ఎన్నిసార్లు మోగుతుందో ఒక పూట కూర్చుని వినండి.

సమావేశం

వార్డు ఆఫీసు హాలు నిండిపోయింది. నేను నివేదిక చదవడం ముగించకముందే కంపెనీ ఇంజనీరు లేచాడు.

"మొన్న కిందికన్నారు, ఇవాళ పైకంటున్నారు. రేపు పక్కకంటారా మేడం?"

అతని వైపువారు నవ్వారు. అతను కమిటీ వైపు తిరిగాడు. "ఇళ్ళల్లో పెట్టిన డబ్బాలండీ. ఎవరు ముట్టుకున్నారో, ఏం చేశారో. ఈ డేటా మొత్తం పక్కన పెట్టాలని మా మనవి."

కమిటీ అధ్యక్షుడు నన్ను అడిగాడు, తీగలు మారాయని నివేదికలో రాసినదానికి మీ మాట తప్ప ఏమైనా ఆధారం ఉందా అని. దూరపు భూకంపం రికార్డులు చూపించాను. ఇంజనీరు వాటిని చిత్తు కాగితాల్లా చూసి పక్కకు నెట్టాడు. కాలనీవాళ్ళు నన్ను శత్రువును చూసినట్టు చూస్తున్నారు. మొన్న మిఠాయిలు పంపినవాళ్ళే.

అప్పుడు వెనుక వరసలో నరసింహ లేచాడు. అతను ఏమి మాట్లాడతాడో నాకు నిజంగా తెలియదు.

"ముట్టుకున్నది నేనే సార్. వైరు తెగితె నేనే జోడించిన, ఉల్టా జోడించిన. మేడం నా ముంగటనే డబ్బా ఎత్తి చూపిచ్చింది. పైకెత్తితె కిందికి చూపెట్టింది. కండ్లార చూసిన."

హాలులో గోల లేచింది. "నీ అయ్య, పనంత ఖరాబ్ జేసినవ్ గదరా!" అని ఎవరో అరిచారు. "మా ఇంట్ల ఫ్యాను గూడ నువ్వే పెట్టినవ్ నరసింహా, ఉల్టా తిరుగుతలేదు కదా?" అని ఇంకొకరు అనేసరికి కంపెనీవాళ్ళతో సహా అందరూ నవ్వారు.

నరసింహ నవ్వలేదు. "నవ్వుకోండ్రి. నా తప్పుకు మేడం లెక్క మొత్తం పడేస్తమంటె ఎట్ల సార్? కిందికి అన్నది తప్పయితె, పైకి అన్నది కరెక్టే కదా. గా గుంతల నీళ్ళు పోసుడు బంద్ చెయ్యమని మేడం రాసింది. గదైనా చేయండ్రి."

అతను కూర్చున్నాడు. పక్కనున్న ఇద్దరు లేచి వేరే కుర్చీల్లోకి మారారు.

కమిటీ నిర్ణయం రెండు ముక్కలుగా వచ్చింది. ప్రకంపనలు సహజమైనవి కాబట్టి ఇళ్ళ మరమ్మతు బాధ్యత కంపెనీకి లేదు. జాగ్రత్త చర్యగా బావి నీటిని క్వారీలోకి కాకుండా మురుగు కాలువలోకి మళ్ళించాలి. గొట్టం తీసేశారు. గోడలు ఎవరివి వారు పూసుకున్నారు. వీధిలో చాలామంది నరసింహను పనికి పిలవడం మానేశారు. అతను కొన్నాళ్ళు బాటసింగారం పండ్ల మార్కెట్లో లైట్ల పనికి పోయాడు.

చప్పుళ్ళు తగ్గాయి, తరువాత ఆగిపోయాయి. గొట్టం తీసేసిన రోజుల్లోనే వానలూ తగ్గుముఖం పట్టాయి. దేనివల్ల ఆగాయో చెప్పలేను. చెప్పగలమన్నవారిని నమ్మకండి, వాళ్ళు మన పక్షాన మాట్లాడుతున్నా సరే.

మధ్యాహ్నం

పరికరాలు తిరిగి తీసుకోవడానికి వెళ్ళిన రోజు లచ్చమ్మ వాకిట్లో కనిపించింది. నరసింహ ఆమెను సైదాబాద్ నుంచి ఇల్లు చూసిపొమ్మని తీసుకొచ్చాడు. గోడ పూత ఇంకా తడిగానే ఉంది. ఆమె గడప బయటే పీట వేసుకుని కూర్చుంది. లోపలికి వెళ్ళలేదు.

"మళ్ళ రాదని నువ్వు చెప్తె ఒస్త బిడ్డా. వీళ్ళ మాట నాకు నమ్మకం లేదు."

"చెప్పలేనమ్మా. రావచ్చు, రాకపోవచ్చు. తగ్గిందని మాత్రం చెప్పగలను."

"కంపెనీ సారు ఒచ్చి రానే రాదన్నడు. మా వాడలోళ్ళు పెద్దది ఒస్తదన్నరు. నువ్వేమో తెల్వదంటవు. గింత చదువు ఎందుకు మరి?"

నరసింహ తల దించుకున్నాడు. నేను లోపలికి వెళ్ళి గోడను మరోసారి చూశాను. పగిలింది గదుల మధ్య అడ్డుగోడ. స్తంభాలకు, పైకప్పుకు ఏమీ కాలేదు. పునాది బండ మీద ఉంది. బయటికి వచ్చి అదే చెప్పాను.

"గయన్ని నాకు సమజ్ గావు. నువ్వయితె గీ ఇంట్ల ఉంటవా?"

నా సర్వీసులో నన్ను అడిగిన ప్రశ్నల్లో నేరుగా జవాబు చెప్పగలిగినవి చాలా తక్కువ.

"ఉంటానమ్మా."

"అయితె ఉండు."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. గా గోడ కింద మంచం ఏస్తడు మావోడు. పండుకో. నేను గీడ కూసోని చూస్త."

నరసింహ నన్ను క్షమించమన్నట్టు చూశాడు. "ముసల్ది ఊకోదు మేడం," అన్నాడు. అడ్డుగోడను ఆనించి నవారు మంచం వాల్చాడు. అది ఏ విధంగానూ పరీక్ష కాదని నాకు తెలుసు. ఒక మనిషి ఒక మధ్యాహ్నం ఒక గోడ పక్కన పడుకున్నంత మాత్రాన భూమి గురించి ఏమీ తేలదు. చెప్పులు విడిచి పడుకున్నాను. ఫ్యాను తిరుగుతోంది. తడి సిమెంటు వాసన. ఉదయం నుంచి డాబాలు ఎక్కి దిగి ఉన్నాను. ఎప్పుడు కళ్ళు మూతపడ్డాయో తెలియదు.

మెలకువ వచ్చేసరికి ఎండ వాలింది. పక్కన ఏదో చప్పుడు. తల తిప్పి చూస్తే లచ్చమ్మ గడప దాటి వచ్చి, మంచం పక్కన నేల మీద, ఆ గోడకే వీపు ఆనించి కూర్చుని గోంగూర తెంపుతోంది. నేను లేవబోతే చేత్తో వారించింది.

"పండుకో, పండుకో. నీ గురక గల్లీ దాక ఇనొస్తంది. గంత గురకకు కూలనిది, గీ గోడ ఇంక దేనికి కూలుతది."